డ్రమ్ములు విప్పిన వేసవి

మార్చి 3

తమ్ముడూ,

నిన్న ఫోనులో నేను "బ్రేకు" అంటే నువ్వు "ఏం కేకు?" అన్నావు. మూడోసారి కూడా కేకే అనేసరికి నవ్వాపుకోలేక పెట్టేశాను. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు బ్రేకులకు రివిట్లు కొట్టిన చెవులు, వాటిని అని ఏం లాభం! ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం. కాగితం మీదైతే నేను ఒకటి అంటే నీకు ఇంకొకటి వినబడే ప్రమాదం ఉండదు.

విషయం ఇది. మా ఇంటి మీదుగా వెళ్లే బస్సు జనవరి నుంచి ఆపేశారు. ఈ గుట్ట మీద నుంచి బజారుకు నాలుగు కిలోమీటర్ల వాలు. నేను నడిచి దిగుతున్నాను, పైకి వచ్చేటప్పుడు ఎవరి బండో ఒకటి పట్టుకుంటున్నాను. మీ బావకు ఎడమ మోకాలు మడవడం కుదరదు కదా, రెండు నెలలుగా గడప దాటలేదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లకుండా కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. ఊళ్లో సగం బోర్డులు ఆయన చేత్తో రాసినవే. ఏది వెలిసిపోయింది, ఏది పీకేశారు అని నన్ను అడుగుతారు. చూడలేదంటే విసుక్కుంటారు.

షెడ్డులో కారు ఉంది కదా అన్నాను. వాలులో బ్రేకు అందక ఆయన పిట్టగోడను గుద్ది మోకాలు విరగ్గొట్టుకున్న రోజు నుంచి, అంటే తొమ్మిదేళ్లుగా, దాని మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశారు. చివరికి, "ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెడితే ఎక్కుతాను. ఆ పాత డ్రమ్ము బ్రేకులతోనే అయితే నన్ను మోసుకెళ్లి కూర్చోబెట్టినా దిగిపోతాను" అన్నారు.

కాబట్టి డిస్కులు పెడుతున్నాను. నేనే. కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పనిచేసినన్నాళ్లూ చెడిపోయిన పరికరం ఒక్కటి కూడా బయటికి పంపనిదాన్ని. నడపడమంటావా, కాలేజీ వ్యాను తిప్పిన చేతులే ఇవి. ఏమేం కావాలో, ఏది ముందో ఏది తర్వాతో వరసగా రాసి పంపు.

టైర్ల కొట్టు పైన నీ గదిలో గాలి ఆడుతోందా? వేళకు తింటున్నావా?

అక్క


మార్చి 11

అక్కకు,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను.

ఆ కారు జోలికి వెళ్లకు. నలభై ఏళ్ల నాటి బండి. దానికి డ్రమ్ములు పెట్టిన వాళ్లు తెలిసే పెట్టారు. డిస్కు బిగించడమంటే పాతది తీసి కొత్తది తగిలించడం కాదు. ఇరుసు కొస దగ్గర్నుంచి పెడలు దాకా అన్నీ మారాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే ఉన్న బ్రేకు కూడా పోతుంది. ఇది నీ వల్ల అయ్యే పని కాదు.

పాత ఇనుము కొనేవాడికి ఇచ్చెయ్. వారానికి ఒకసారి ఎవరిదైనా కారు మాట్లాడుకోండి.

డ్రమ్ములు మాత్రం విప్పొద్దు. మళ్లీ చెబుతున్నాను, విప్పొద్దు.

బావను అడిగానని చెప్పు.

తమ్ముడు


మార్చి 17

ఏమయ్యా బ్రేకుల మేస్త్రీ,

నా వల్ల అయ్యే పని కాదా? నీ సైకిలు చైను ఊడితే నడి రోడ్డు మీద నిలబడి ఏడ్చేవాడివి. చేతులు నల్లగా చేసుకుని ఎక్కించింది ఎవరు? అప్పుడు నా వల్ల అయింది, ఇప్పుడు కాదు కాబోలు. ఇంతకంటే "ఆడదానివి, కూర్చో" అని నేరుగా రాసినా బాగుండేది.

నువ్వు చెప్పకపోతే ఆగుతాననుకున్నావేమో. పాత కార్ల సామాను అమ్మే ఆయన దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నన్ను చూసి కుర్చీ వేశాడు. రెండోసారి కొలతలు చెబితే కుర్చీ తీసేసి చేతికి టార్చి ఇచ్చాడు. మన కారు తర్వాత అదే కంపెనీ తెచ్చిన రకానికి ముందు డిస్కులే ఉన్నాయట. గుద్దుకుని వెనక భాగం నుజ్జయిన బండి ఒకటి పడి ఉంది. దాని ముందు చక్రాల సరంజామా మొత్తం విప్పించి తెచ్చుకున్నాను. డిస్కులు కొంచెం తుప్పు పట్టాయి. లేతు మిషను ఆయన అర మిల్లీమీటరు చెక్కి అద్దంలా చేసి ఇచ్చాడు. ఇరుసు కొసలు అచ్చుగుద్దినట్టు సరిపోయేలా ఉన్నాయి, కొలిచి చూశాను.

ఆదివారం డ్రమ్ములు విప్పుతున్నాను. లోపల ఏది ఎలా కనిపిస్తే అలా, బొమ్మ గీసి మరీ నీకు రాస్తాను. అప్పుడైనా మేస్త్రీగారు నోరు విప్పుతారేమో చూద్దాం.

కోపంతోనే, కానీ వేళకు తిను.

అక్క


మార్చి 24

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు పనిలో చెయ్యి ఆడలేదు. నువ్వు విప్పి చూసి రాసే లోపు నేనే చెప్పేస్తాను. నీ వల్ల కాదని కాదక్కా నేను వద్దన్నది. విప్పితే నా తప్పు బయటపడుతుందని.

గుద్దుకోవడానికి నాలుగు రోజుల ముందు ఆ డ్రమ్ముల్లో అరిగిన లైనింగు పట్టీలు తీసి కొత్తవి వేసింది నేను. సెలవు అయిపోవస్తోంది, బస్సు అందుకోవాలి. ఎడమ చక్రం హడావిడిగా మూశాను. బ్రేకు వదలగానే ఆ లైనింగు అంటించిన రేకుల్ని వెనక్కి లాగడానికి ఒక స్ప్రింగు ఉంటుంది. దాన్ని కొక్కేనికి సరిగ్గా తగిలించానో లేదో ఈ తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు గుర్తు చేసుకోబోయినా గుర్తు రాదు. అది ఊడితే రేకు డ్రమ్మును రాసుకుంటూనే ఉంటుంది. కాలిపోతుంది. వాలులో అవసరమైనప్పుడు పట్టదు.

ఆసుపత్రికి వచ్చాను కదా. నువ్వు మందుల కోసం వెళ్లావు. నేను గుమ్మం దాకా వచ్చేసరికి బావ నర్సుతో అంటున్నారు, "పని తెలిసినవాడి చేత చేయించుకోవలసింది" అని. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. లోపలికి రాకుండానే వెళ్లిపోయాను. అప్పట్నుంచి మీ ఇంటికి రాకుండా పని ఒత్తిడి అని చెప్పినవన్నీ అబద్ధాలు. డిపోలో ఎన్ని బస్సులకు బ్రేకులు కట్టానో లెక్క లేదు, ఒక్క ఫిర్యాదు రాలేదు. నా వాళ్లు ఎక్కే ఒక్క కారు దగ్గరే ఇలా అయింది.

సరే. నువ్వు ఎలాగూ ఆగవు. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

డ్రమ్ముకు తొక్కినంత బలంతో డిస్కు ఆగదు. డ్రమ్ము తిరుగుతూ తిరుగుతూ లైనింగును తనే తనలోకి లాక్కుంటుంది, డిస్కు అలా లాక్కోదు. కాబట్టి కాలికి సాయంగా బూస్టరు పెట్టాలి. పెడలు తొక్కితే ఆయిలును గొట్టాల్లోకి నెట్టే మాస్టరు సిలిండరు కూడా ఆ డిస్కుల బండిదే తీసుకో. పాతదే వాడితే దానిలో ముందు గొట్టం వైపు ఒక చిన్న వాల్వు కాస్త ప్రెషరు ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. డ్రమ్ముకు అది మంచిదే, డిస్కునైతే రెండు పక్కలా పట్టే ప్యాడ్లు వదలవు. వెనక డ్రమ్ములు అలాగే ఉంచు. వాటికి వెళ్లే గొట్టంలో ప్రెషరు తగ్గించే వాల్వు వెయ్యి. లేకపోతే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. రబ్బరు గొట్టాలు పాతవి ఒక్కటీ వాడకు. బిగించాక చక్రం పూర్తిగా కుడికీ ఎడమకీ తిప్పి, గొట్టం ఎక్కడా రాసుకోవడం లేదని కళ్లతో చూడు, చేత్తో తడుము.

స్ప్రింగు ఊడి ఉంటే బావకు నువ్వే చెప్పు. నేను రాయలేను.

తమ్ముడు


మార్చి 26

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అలిగావా? అలిగితే అలుగు. నాకు చెప్పాలని ఆత్రంగా ఉంది.

విప్పేశాను! చక్రాల నట్లు తియ్యడానికే పూట పట్టింది. స్పానరుకు ఇనుప గొట్టం తొడిగి, దాని మీద ఎక్కి నిలబడ్డాను. మీ బావ కిటికీలోంచి, "ఈ సర్కసుకు టిక్కెట్టు ఉందా?" అన్నారు. ఆయన నోట్లోంచి జోకు విని ఎన్నాళ్లయిందో.

ఇక లోపలి సంగతి. లైనింగు నాలుగు ముక్కలూ బొగ్గులా నల్లగా, పైన గాజులా మెరుస్తూ ఉన్నాయి. ఇంత కొత్త లైనింగు ఇలా ఎందుకు మాడిందో తెలియదు. స్ప్రింగులు రెండు పక్కలా బిగువుగా, కొక్కేలకు తగిలించినవి తగిలించినట్టే ఉన్నాయి. వెనక కాగితం మీద బొమ్మ గీశాను చూడు. ఎంత నీటుగా బిగించావురా! అన్నీ ఒకే దిక్కుకు తిరిగి, పరేడులో నిలబెట్టినట్టున్నాయి.

వింత ఏమిటంటే, మాస్టరు సిలిండరులో రబ్బరు గిన్నెలు ఉబ్బిపోయి మెత్తబడి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. పైన డబ్బాలో మిగిలిన బ్రేకు ఆయిలును పారబొయ్యకుండా సిరంజితో లాగి గాజు సీసాలో పోశాను. పాత అలవాటు. మర్నాటికి సీసాలో రెండు పొరలు కనిపించాయి! కింద టీ రంగులో ఒకటి, పైన నల్లగా, జిడ్డుగా ఇంకొకటి. గీత గీసినట్టు విడిపోయాయి. గూట్లో పెట్టి రోజూ చూస్తున్నాను. బ్రేకు ఆయిలు పాతబడితే ఇలా విరుగుతుందా?

వెంటనే జవాబు రాయి.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది ఈపాటికి నీకు అంది ఉంటుంది. నువ్వు గీసిన స్ప్రింగుల బొమ్మ నా జేబులో ఉంది. మధ్యాహ్నం నుంచి ఐదుసార్లు తీసి చూసుకున్నాను.

బ్రేకు ఆయిలు పాతబడితే నల్లబడుతుంది, తేమ పీలుస్తుంది. రెండు పొరలు అవ్వదు. ఆ పై పొర ఇంజను ఆయిలు. ఎవరో దానిలో ఇంజను ఆయిలు పోశారు. అది తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బుతాయి. మాస్టరు సిలిండరులో ఆయిలు వెనక్కి వచ్చే సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. ఉబ్బిన రబ్బరు దాన్ని మూసేస్తుంది. ఇక పెడలు వదిలినా బ్రేకు వదలదు. తెలియకుండా కాస్త కాస్త పట్టే ఉంటుంది. నాలుగు కిలోమీటర్లు అలా దిగితే ఎంత మంచి లైనింగైనా మాడి గాజవుతుంది. అప్పుడు ఎంత తొక్కినా ఆగదు.

నేను పొయ్యలేదు. నేను వచ్చేసిన రోజు డబ్బా నిండా శుభ్రమైన బ్రేకు ఆయిలే ఉంది, నా చేత్తోనే మూత బిగించాను. మీ ఇంట్లో ఆ బానెట్టు ఎత్తే మనిషి ఒక్కరే. తనే పోసి, తనే మరిచిపోయి, మంచం మీద పడుకుని "పని తెలిసినవాడు" అని మాట విసిరారు. ఆ మాటను నేను తొమ్మిదేళ్లు మోశాను. ఆ సీసా తీసుకెళ్లి బావ ముందు పెట్టు. ఏం చెబుతారో నాకు రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 20

అక్కా,

పద్దెనిమిది రోజులైంది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు.

నా ఉత్తరం బావ చేతికి వెళ్లిందా? మీ ఇద్దరి మధ్య ఏమైనా అయిందా? కోపంలో రాశానక్కా. రాశాక మళ్లీ చదువుకోకుండా పోస్టు డబ్బాలో వేశాను. సీసా పారబోసెయ్. ఎవరు పోస్తేనేం. నొప్పి పడ్డ మనిషి ఏదో అన్నారు, అంతే.

బూస్టరు దొరికిందా? దాని గొట్టం ఇంజను గాలి పీల్చే చోటికి కలపాలి, అది రాయడం మరిచాను. రెండు గీతలు రాయి చాలు.

తమ్ముడు


ఏప్రిల్ 25

తమ్ముడూ,

ఇంట్లో బానెట్టు ఎత్తే మనిషి ఒక్కరే అన్నావు. ఇద్దరం.

నీ ఉత్తరం చదువుతూ "ఇంజను ఆయిలు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ డబ్బా నా కళ్ల ముందుకు వచ్చింది. నువ్వు వెళ్లిన మర్నాడు మీ బావ గడ్డం గీసుకుంటూ లోపల్నుంచి కేకేశారు, "కారులో ఆయిలు తగ్గింది, కాస్త పొయ్యి" అని. ఎక్కడ పొయ్యాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కాలేజీ వ్యాను నడిపానే కానీ దానికి ఆయిలు పోసింది వేరేవాళ్లు. బానెట్టు ఎత్తగానే చేతికి అందేలా ఒక మూత కనిపించింది. తీశాను. పట్టినంత పోశాను. ఒలికింది గుడ్డతో తుడిచాను కూడా. పని చేసినందుకు సంతోషంగా వచ్చి టీ పెట్టాను. మళ్లీ ఆ సంగతి ఒక్కసారైనా తలపుకు రాలేదు. సీసాలో పొరలు చూసి కూడా రాలేదు. వారం రోజులు వాటిని చూసి మురిసిపోయాను చూడు, అది తలుచుకుంటే ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియదు.

నీకు రాయాలని కూర్చునేదాన్ని. "తమ్ముడూ" దగ్గరే కలం ఆగిపోయేది. ముందు ఆయనకు చెప్పాలనిపించింది. పోయిన శుక్రవారం సీసా తెచ్చి బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు. తిట్టినా బాగుండేది. రెండు రోజులు కిటికీ దగ్గర్నుంచి లేవలేదు. మూడో రోజు కర్ర పట్టుకుని నెమ్మదిగా షెడ్డులోకి వచ్చారు. తొమ్మిదేళ్లలో అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. స్టూలు మీద కూర్చుని నా పని చూశారు. కాసేపటికి, "తమ్ముడికి రాశావా?" అన్నారు.

"ఇంకా లేదు."

"నాకు చెప్పి ఏం లాభం? మోసింది వాడు కదా. ముందు వాడికి రాయి."

నీ మార్చి ఉత్తరం కూడా ఆయనకు చూపించాను. ఆసుపత్రి మాట ఉన్న చోట వేలు పెట్టి ఆపారు. తర్వాత కాగితం మడిచి ఇచ్చేశారు. ఏం అనుకున్నారో నేను అడగలేదు.

నన్ను క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదురా. నీ పనితనం మీద నీకే అనుమానం పుట్టించాను. నా ఇంటికి నువ్వు రాకుండా చేసింది నేనే. పైగా ఎందుకు రావడం లేదని ఏటా నిన్నే దెప్పాను.

డిస్కులు బిగించాను. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లు, కొత్త గొట్టాలు, బూస్టరు, అన్నీ నువ్వు రాసినట్టే. పాత ఆయిలు తాకిన రబ్బరు ఒక్కటీ ఉంచలేదు, వెనక చక్రాలవి కూడా మార్చేశాను. గొట్టాలు కడిగి ఆరబెట్టాను. ఇంజను మూడు రోజులు దగ్గి దగ్గి లేచింది. కానీ పెడలు దూది దిండులా ఉంది, లోపల గాలి ఉన్నట్టుంది. అది తియ్యడానికి ఇంకో మనిషి కావాలి. మీ బావ మాత్రం, "వాడు ముందు సీట్లో కూర్చుంటేనే నేను ఎక్కుతాను" అంటున్నారు. రెండు రోజులుగా వరండాలో రంగు డబ్బాలు తెరిచి ఏదో రాస్తున్నారు. నన్ను చూడనివ్వడం లేదు.

రాగలవా?

అక్క


మే 14

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన మూట ఈ పూట దాకా వచ్చింది.

బావ బోర్డుల సంగతి డిపోలో అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మడం లేదు. ముప్పై ఏళ్లలో ఎన్నో బ్రేకుల్లో గాలి తీశాను కానీ ఇలా ఎప్పుడూ తియ్యలేదు. నువ్వు సీట్లో పెడలు తొక్కి "తొక్కాను" అంటే చక్రం దగ్గర పడుకున్న నాకు వినపడదని ఆయన ముందే ఆలోచించారు చూశావా! స్టూలు మీద దర్జాగా కూర్చుని, ఎర్ర అక్షరాల "తొక్కింది" ఒక చేత్తో, పచ్చ అక్షరాల "వదిలింది" ఇంకో చేత్తో. నేను నట్టు వదిలితే బుడగలు, మళ్లీ బిగించి "వదులు" అని అరిస్తే పచ్చ బోర్డు. ఒకసారి నువ్వు తొక్కకముందే ఎర్రది ఎత్తారు. నేను తిట్టాను. ఆయన బోర్డు వెనక ముఖం దాచుకున్నారు. నవ్వుతున్నారని భుజాలు చూసి తెలిసింది.

పాత సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అలాగే బాగుంది. నువ్వు కూడా ఇక ఆ సంగతి వదిలెయ్. ఏ డబ్బాలో ఏం పొయ్యాలో మూత మీద రాసి పెట్టి వెళ్లాల్సింది నేను, ఆ పని నేను చెయ్యలేదు. నిన్ను క్షమించడానికి నేనెవర్ని, నా సైకిలు చైను ఎక్కించినదానివి.

ఒక్క విషయం మాత్రం మనసులో పీకుతోంది. ముగ్గురం బజారుకు దిగినప్పుడు కారు అన్ని మలుపుల్లోనూ చక్కగా ఆగింది. కానీ బజారు ముందు చివరి మలుపులో నువ్వు బ్రేకు వేసినప్పుడు, వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చున్న బావ ముందుకు తూలి, ముందు సీట్లో ఉన్న నా భుజం పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు. నువ్వు రోడ్డు చూస్తున్నావు, గమనించి ఉండవు. బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తోందేమో. వెనక గొట్టంలో వాల్వు మరోసారి చూడు. ప్యాడ్ల మీద గ్రీజు మరక ఏమైనా ఉందేమో చూడు. అది తేలేదాకా బావను ఎక్కించకు.

తమ్ముడు


మే 19

తమ్ముడూ,

ప్యాడ్లు విప్పి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. వాల్వు సరిగ్గా ఉంది. ఖాళీ కారుతో మూడుసార్లు, పక్క వీధి రిటైరు మేష్టారిని ఎక్కించుకుని ఒకసారి ఆ మలుపు దిగాను. ఆయన చేతిలో నిండా నీళ్లు పోసిన గ్లాసు పెట్టాను. ల్యాబు బుద్ధి పోదు కదా. చుక్క ఒలకలేదు.

ఇప్పుడు రాయబోయేది రాయవద్దని మీ బావ అన్నారు. నేను రాస్తున్నాను. ఏం రాస్తున్నావని అడిగితే వాల్వు గురించి అని చెబుతాను.

ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి ఆయన వెనక సీట్లోంచి మాట్లాడుతూనే ఉన్నారు. నీ తల వెనక భాగం చూస్తూ, నీతోనే. నీకు వినపడదని తెలిసే. మొదట వీధుల్లో తను రాసిన బోర్డుల గురించి చెప్పారు. రెండో మలుపు దాటాక అన్నారు, "ఆ రోజు వాడు గుమ్మంలో నిలబడ్డాడని నాకు తెలుసు. చెప్పులు కనిపించాయి. వినాలనే అన్నాను. లోపలికి వచ్చి నాతో పోట్లాడతాడనుకున్నాను. చెప్పులు వెనక్కి తిరిగాయి. పిలవాల్సింది. పిలవలేదు." నేను గేరు తగ్గించి మూడో మలుపు తిప్పాను. పిట్టగోడ దాటుతుంటే, "నా కాలు గురించి జనం అడిగారు. వాడి గురించి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో" అన్నారు.

బజారు దగ్గర నువ్వు ఆయన వైపు తిరిగి, "ఎలా ఉంది బావా?" అన్నావు. ఆయన బొటనవేలు ఎత్తి చూపించారు. నీకు అందింది ఆ బొటనవేలు ఒక్కటే. అందుకని రాస్తున్నాను.

చివరి మలుపు సంగతి అంటావా, నేను గమనించాను. అద్దంలో చూశాను. ఆయన నెమ్మదిగా ముందుకు వంగి, కాసేపు చెయ్యి గాల్లోనే ఉంచి, అప్పుడు నీ భుజం మీద వేశారు. కారు కుదిపిందనుకుని నువ్వు రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నావు.

కారు కుదపలేదురా. బ్రేకు చాలా మెత్తగా పడింది.

అక్క